బాగున్నానన్న మాట ఎక్కడి నుంచి వస్తోంది

పొలంలో బోరు పక్కన ఇనుప స్టార్టర్ డబ్బా ఉంటుంది. ఈమధ్య చాలా డబ్బాల్లో ఒక సర్క్యూట్ బోర్డు కూడా ఉంటోంది. దాని నడుమ గోరంత మైక్రోకంట్రోలర్. మూడు ఫేజులూ వస్తున్నాయా, బోరులో నీళ్లున్నాయా, మోటారు మోతాదుకు మించి కరెంటు లాగుతోందా అని చూసుకుంటూ రిలే కలపడం, తెంచడం దాని పని. మే నెలలో ఆ డబ్బా రేకు మీద చెయ్యి ఆనించలేం. వానాకాలం వస్తే పిడుగులు. పక్క చేలో మోటారు వేసిన ప్రతిసారీ లైన్లో ఓల్టేజి కుంగి లేస్తుంది. ఇంట్లో కంప్యూటరు బిగుసుకుపోతే ఎవరో ఒకరు ఆపి మళ్లీ వేస్తారు. ఇక్కడ బోర్డు బిగుసుకుపోతే ఆపి వేసే మనిషి లేడు. రైతు ఊళ్లో నిద్రపోతుంటాడు. నీళ్లు అడుగంటిన బోరులో మోటారు వట్టిగా తిరిగి తిరిగి, తెల్లారేసరికి వైండింగ్ కాలిపోతుంది.

అందుకే ఇలాంటి బోర్డులు తయారుచేసేవాళ్లం మొదటి రోజే ఒక సంగతి ఒప్పుకుంటాం. ప్రోగ్రామ్ ఎంత శ్రద్ధగా రాసినా ఏదో ఒక రోజు దారి తప్పుతుంది. రిలే కాంటాక్టు దగ్గర మెరిసిన నిప్పురవ్వ మెమరీలో ఒక బిట్‌ను తిప్పేయొచ్చు. సెన్సార్ నుంచి రావలసిన జవాబు రాకపోవచ్చు, దాని కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ అదే లూపులో తిరుగుతూ ఉండిపోవచ్చు. తప్పు జరగకుండా చూడటం సగం పని. జరిగాక తిరిగి ఎలా లేస్తుందో ముందే ఏర్పాటు చేసి పెట్టడం మిగతా సగం. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ రెండో సగమే. మన పెంపకంలో దీనికి చోటు తక్కువ. ర్యాంకు తగ్గకూడదు, ఉద్యోగం పోకూడదు, పెళ్లి చెడకూడదు అని చెబుతారు. పడ్డవాళ్లు లేచే దారి గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం, పడ్డాక కూడా, అరుదు.

ఆ ఏర్పాటులో మొదటిది వాచ్‌డాగ్ టైమర్. చిప్ లోపలే ఎడతెగకుండా లెక్కపెడుతూ ఉండే ఒక కౌంటర్ అది. నిండేలోపు ప్రోగ్రామ్ వచ్చి దాన్ని మళ్లీ మొదటికి తిప్పాలి. ఫీడ్ చేయడం అంటాం మేం. గడువులోపు ఫీడ్ రాకపోతే అది కారణం అడగదు, ఇంకాసేపు ఆగి చూద్దామనుకోదు. చిప్‌ను రీసెట్ చేసేస్తుంది, ప్రోగ్రామ్ మొదటి లైను నుంచి మళ్లీ మొదలవుతుంది. చాలా ఆర్డ్యూనో ఊనో బోర్డుల మీద ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో ఈ గడువు 16 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్ల దాకా మనం ఎంచుకోవచ్చు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో 8051 మైక్రోకంట్రోలర్ నేర్చుకున్న ఎంతోమంది చేతుల్లో తిరిగిన ఏటీ89ఎస్52లో కట్టడి ఇంకా గట్టిది. ఫీడ్ చేయాలంటే ఫలానా రెండు అంకెలను అదే వరసలో ఒకదాని తర్వాత ఒకటి రాయాలి, దారి తప్పిన ప్రోగ్రామ్ పొరపాటున రాసేయకుండా. పైగా ఒకసారి వాచ్‌డాగ్‌ను మొదలుపెట్టాక రీసెట్ అయితే తప్ప దాన్ని ఆపే మార్గం లేదు. కాపలాను ఆపే మీట, కాపలా కాయించుకోవలసినవాడి చేతిలో ఉండకూడదన్నది ఆ చిప్ గీసినవాళ్ల ఆలోచన.

ఇంకో సంగతి, నాకు మరీ నచ్చేది. ఏటీమెగా వాచ్‌డాగ్‌కు తన సొంత గడియారం ఉంది. చిప్ పనంతా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ మీద నడుస్తుంటే, వాచ్‌డాగ్ మాత్రం 128 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల నడిచే వేరే ఆసిలేటర్ మీద ఆధారపడుతుంది. అది అంత కచ్చితమైనది కాదు. వేడికీ ఓల్టేజికీ కాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ క్రిస్టల్ పగిలి పెద్ద గడియారం ఆగిపోయినా అది ఆగదు. నన్ను కనిపెట్టి చూసే మనిషి నాకన్నా తెలివైనవాడు కానక్కర్లేదు. నా ఉత్సాహం మీదా నా దిగులు మీదా ఆధారపడకుండా తన లెక్కలో తాను నడిచేవాడైతే చాలు. నేను సంబరంలో ఉంటే సంబరపడి, కుంగితే తానూ కుంగే స్నేహం తీపిగానే ఉంటుంది. ఆపదలో పట్టుకుని లేపడానికి ఇంకో రకం స్నేహం కావాలి.

అలా వేరుగా నిలబడే కాపలా లేకపోతే ఏమవుతుందో 1994లో క్లెమెంటైన్ అనే అమెరికా వ్యోమనౌక విషయంలో తేలింది. చంద్రుడి ఉపరితలాన్ని ఫొటోలు తీసే పని చక్కగా ముగించుకుని, జియోగ్రాఫోస్ అనే గ్రహశకలం వైపు వెళ్లవలసిన నౌక అది. మే 7న దాని కంప్యూటర్ గాడి తప్పింది. థ్రస్టర్లు 11 నిమిషాల పాటు ఆగకుండా మండి ఇంధనమంతా అయిపోయింది. నౌక నిమిషానికి 80 చుట్ల వేగంతో గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. థ్రస్టర్లు అతిగా మండితే ఆపాలన్న జాగ్రత్త ఉంది, కానీ అది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. సాఫ్ట్‌వేరే స్తంభించాక ఆ జాగ్రత్త కూడా దానితోపాటే స్తంభించింది. ప్రాసెసర్‌లో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంది. దాన్ని వాడుకోలేదు. తన మీద తనకు అదుపు ఉందనుకునేవాళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ నౌక గుర్తొస్తుంది. మితిమీరుతున్నానని గుర్తించాల్సిన బుద్ధే మితిమీరినప్పుడు, ఆపమని చెప్పడానికి బయట ఇంకెవరో ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. ఫీడ్ చేసే ఆ ఒక్క లైనును ప్రోగ్రామ్‌లో ఎక్కడ రాయాలి?

కొత్తగా నేర్చుకునేవాళ్లకు సులువుగా కనిపించే చోటు టైమర్ ఇంటరప్ట్. ప్రతి కొన్ని మిల్లీసెకన్లకూ చిప్ తన పని పక్కనపెట్టి ఒక చిన్న రొటీన్‌లోకి వెళ్లి వస్తుంది. ఆ రొటీన్‌లో ఒక లైను పడేస్తే ఫీడ్ ఎప్పుడూ ఆలస్యం కాదు, పరీక్షలో బోర్డు ఎప్పుడూ రీసెట్ అవదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. చిక్కు ఏమిటంటే మెయిన్ లూపు చచ్చిపోయినా ఇంటరప్ట్ నడుస్తూనే ఉంటుంది. మోటారును చూసుకోవలసిన భాగం ఏ సెన్సార్ జవాబు కోసమో కూరుకుపోయి ఉంటుంది. అవతల ఇంటరప్ట్ మాత్రం వేళకు వచ్చి వాచ్‌డాగ్‌ను ఫీడ్ చేసి పోతుంటుంది. బోర్డు మీద ఎల్ఈడీ కూడా అదే రొటీన్‌లో ఉంటే అదీ చక్కగా మిణుకుమిణుకుమంటుంది. డబ్బా తలుపు తీసి చూసినవాడికి బోర్డు నిక్షేపంగా ఉంది. మోటారు కాలిపోతోంది.

ఫోనులో "బాగున్నానమ్మా" అనే మాట చాలాసార్లు ఇలాంటి ఇంటరప్ట్ నుంచే వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఊరి నుంచి ఫోను. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." "ఒంట్లో ఎలా ఉంది?" "బాగానే ఉంది." ఆ జవాబుకు ఆలోచన అక్కర్లేదు. మనిషి లోపల ఏ పనీ సాగకపోయినా, నిద్రపట్టక రోజులు గడుస్తున్నా, ఆఫీసులో కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నా, ఆ రెండు మాటలు వేళకు వస్తూనే ఉంటాయి. అవతల అమ్మ గడియారం మళ్లీ మొదటికి తిరుగుతుంది. రేపు రాత్రి దాకా నిశ్చింత. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. మాట వచ్చిన చోటు వేరు, పని ఆగిన చోటు వేరు.

అమ్మలు దీన్ని పసిగట్టరని కాదు. మాట వచ్చిన వేగాన్ని బట్టి పడతారు. వాళ్లకు తెలిసిన ఆ విద్యను చిప్‌లలో కూడా పెట్టారు, విండో వాచ్‌డాగ్ అని. ఎస్‌టీఎమ్32 చిప్‌లలో ఉంటుంది. దాన్ని ఆలస్యంగా ఫీడ్ చేసినా రీసెట్టే, మరీ ముందుగా ఫీడ్ చేసినా రీసెట్టే. ఫలానా కిటికీలో, మధ్యలోనే, జవాబు రావాలి. ప్రోగ్రామ్ చిన్న లూపులో చిక్కుకుని గబగబా ఫీడ్ చేసేస్తుంటే అది పట్టుబడుతుంది. "ఎలా ఉన్నావ్" పూర్తికాకముందే "బాగున్నా" అన్నవాడిని ఇంకో ప్రశ్న అడగాలి. ఏం కూర తిన్నావని అడగాలి. నిజంగా తిన్నవాడు చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

మంచి డిజైన్‌లో ఫీడ్ లైను ఒకే చోట ఉంటుంది, మెయిన్ లూపు చివర. అక్కడికి వచ్చేముందు ఒక్కో పని తన వంతు ముగిసిందని ఒక్కో జెండా ఎత్తాలి. ఫేజులు చూసే పని ఒకటి, కరెంటు కొలిచేది ఒకటి, రిలే స్థితిని సరిచూసేది ఇంకొకటి. అన్ని జెండాలూ లేస్తేనే ఫీడ్. ఒక్కటి లేవకపోయినా ఫీడ్ లేదు. ఫీడ్ అయ్యాక జెండాలన్నీ దించేసి మళ్లీ మొదలు. నిన్నటి జెండా ఇవాళ చెల్లదు.

నేను పడుకునేముందు దీన్ని నా మీద ప్రయోగించుకుంటాను. ఇవాళ బాగున్నానా అని టోకున అడిగితే బాగున్నాననే వస్తుంది. విడివిడిగా అడిగితే వేరే జవాబులు వస్తాయి. ఒళ్లు కదిలిందా. చేతిలో ఉన్న పనిలో ఒక్క గంటైనా మనసుపెట్టి కూర్చున్నానా. ఇంట్లోవాళ్లు చెప్పిన మాట ఒకటైనా పూర్తిగా విన్నానా. ఏ జెండాలు పెట్టుకోవాలన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. మరీ ఎక్కువ పెట్టుకుంటే రోజూ రీసెట్ అవుతుంది, మనిషి విసిగిపోతాడు. ఏవి ఆగితే మోటారు కాలుతుందో అవి మాత్రం ఉండాలి. సంగీతం సాధన చేయలేదనో, పుస్తకం చదవలేదనో నన్ను నేను రోజూ నిలదీసుకోను. అవి ఆలస్యమైనా ప్రాణం పోదు.

రీసెట్ గురించి చెప్పాలి. మామూలుగా వినేవాళ్లకు అది ఒక మీట నొక్కడమే. పనిచేసేవాళ్లకు మాత్రం అందులో సగం చిక్కు సమయంతోనే. చవక బోర్డుల్లో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెడతారు. కరెంటు రాగానే రెసిస్టర్ గుండా కెపాసిటర్ మెల్లగా, సన్నటి ధార కింద పెట్టిన కుండలా నిండుతుంది. నిండేదాకా రీసెట్ పిన్ కిందే ఉంటుంది, చిప్ మొదలవదు. ఆసిల్లోస్కోప్ ప్రోబు ఆ పిన్ మీద ఆనించి చూస్తే గీత వంపు తిరుగుతూ పైకి ఎక్కడం కనిపిస్తుంది. ఇప్పుడు సరఫరాను క్షణకాలం తెంచి కలపండి, పల్లెల్లో లైను కొట్టుకున్నట్టు. కుండ ఖాళీ అయ్యే సమయమే దొరకదు. గీత కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. చిప్ సరిగ్గా రీసెట్ అవదు, సరిగ్గా నడవదు, సగం స్పృహలో ఉండిపోతుంది. కెపాసిటర్ త్వరగా ఖాళీ అయ్యేలా రెసిస్టర్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెట్టడం ఇందుకే. అంతకన్నా మేలు, సూపర్‌వైజర్ చిప్ పెట్టడం. మాక్స్809 అని మూడు కాళ్ల చిన్న ముక్క ఉంది. 5 ఓల్టుల బోర్డులకు వాడే దాని రకం ఒకటి, సరఫరా 4.63 ఓల్టుల కిందికి జారగానే మైక్రోకంట్రోలర్‌ను రీసెట్‌లో పట్టి ఉంచుతుంది. సరఫరా మళ్లీ పైకి వచ్చాక కూడా వెంటనే వదలదు. కనీసం 140 మిల్లీసెకన్లు ఆగి, ఈలోపు ఓల్టేజి మళ్లీ జారలేదని చూసుకుని అప్పుడు వదులుతుంది.

ఓల్టేజి వచ్చింది కదా అని వదలకపోవడంలో ఎంతో వివేకం ఉంది. మన ఇళ్లలో మనిషి పోతే పదకొండో రోజో పదమూడో రోజో పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్లను మామూలు లోకంలోకి వదలరు. వండేది ఇంకొకరు, వచ్చినవాళ్లను చూసేది ఇంకొకరు. అప్పటికే కళ్లు తుడుచుకుని "నేను బాగానే ఉన్నాను, పనికి వెళ్తాను" అనేవాళ్లుంటారు. మూడో రోజు వచ్చిన ఆ తేరుకోవడం నిలబడుతుందో లేదో చూసుకోవడానికే ఆ గడువు ఉపయోగపడుతుందని నా నమ్మకం. ఆఫీసు సెలవు అంతకన్నా ముందే అయిపోతుంది. జబ్బుపడి లేచినవాళ్లకూ, పురిటి నుంచి లేచినవాళ్లకూ అంతే. జ్వరం తగ్గిన రోజు వేరు, పనికి వెళ్లవలసిన రోజు వేరు.

సూపర్‌వైజర్ పట్టి ఆపేది మొత్తం చీకటి అయినప్పుడు కాదు, వెలుతురు సగమైనప్పుడు. దాన్ని బ్రౌనవుట్ అంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. కరెంటు పూర్తిగా పోతే చిప్ ఆగిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. ఓల్టేజి సగానికి పడితే అది ఆగదు. నడుస్తుంది, తప్పుగా నడుస్తుంది. చదవమన్న చోట రాస్తుంది. ఆ స్థితిలో ఈఈప్రామ్ మీద ఏదైనా రాసిందంటే, కరెంటు పోయినా చెరగని ఆ మెమరీలో చెత్త శాశ్వతంగా ఉండిపోతుంది. మర్నాడు పూర్తి ఓల్టేజి వచ్చినా చిప్ ఆ తప్పుడు అంకెలనే నమ్మి నడుస్తుంది. ఏటీమెగా డేటాషీట్‌లో ఈ హెచ్చరిక విడిగా ఉంటుంది. ఓల్టేజి తక్కువగా ఉన్నంతసేపూ రీసెట్‌లోనే ఉంచండి అన్నది అది ఇచ్చే సలహా. అందుకోసం చిప్ లోపలే 1.8, 2.7, 4.3 ఓల్టుల గీతల్లో ఒకటి మనం ఎంచుకోవచ్చు.

ఆకలితో, నిద్రలేమితో, అవమానంతో మనిషి ఓల్టేజి పడిపోతుంది. పడిపోయిందని తెలియకపోవడమే దాని లక్షణం. ఆ వేళలోనే రాజీనామా మెయిలు రాయాలనిపిస్తుంది. ఆ వేళలోనే, భార్యతోనో తమ్ముడితోనో, అవతలివాళ్ల ఈఈప్రామ్‌లో పడిపోయే మాట నోటికొస్తుంది. చెప్పినవాడు పొద్దున్నే మర్చిపోతాడు, విన్నవాళ్లు ఇరవై ఏళ్లు మోస్తారు. గీత ఎక్కడ గీసుకోవాలో ముందే తేల్చుకుని ఉంచుకోవాలి, ఓల్టేజి నిండుగా ఉన్నప్పుడు. మా ఇంట్లో ఒకటి పెట్టుకున్నాం: రాత్రి భోజనానికి ముందు డబ్బు గురించి మాట్లాడం. గొప్ప సూత్రమేమీ కాదు. చాలా మాటలు అన్నం తిన్నాక అవసరం లేకుండా పోయాయి.

రీసెట్ అవుతున్న ఆ కొద్ది సేపట్లో చిప్ పిన్‌లు ఏం చేస్తాయన్నది కూడా చూసుకోవాలి. చాలా చిప్‌లలో ఆ క్షణాన పిన్‌లన్నీ ఎవరి అదుపులోనూ లేకుండా గాలిలో ఉంటాయి. రిలేను నడిపే ట్రాన్సిస్టర్ గేటు అలా గాల్లో ఉంటే రిలే టకటకా కొట్టుకోవచ్చు. అందుకే గేటు నుంచి గ్రౌండుకు ఒక పది కిలో ఓముల రెసిస్టర్ పెడతారు. ఎవరూ ఏమీ చెప్పకపోతే రిలే విడిపోయి ఉండాలని దాని అర్థం. ఏం చేయాలో తోచని వేళల్లో మన చేతులు వాటంతట అవి ఎటు పోతాయో, ఆ దిక్కును ముందే కట్టి ఉంచుకోవచ్చు. కొందరి చేతులు ఫోను వైపు పోతాయి, కొందరివి సీసా వైపు. మా ఊళ్లో ఒక పెద్దాయన చేతులు మాత్రం మొక్కల కుండీల వైపు పోయేవి.

లేచాక ఏది మిగుల్చుకోవాలన్న ప్రశ్న మిగిలింది. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు అపోలో కంప్యూటర్‌లో ఉంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపొందిన ఆ కంప్యూటర్‌లోనూ వాచ్‌డాగ్ లాంటి సర్క్యూట్ ఉండేది, నైట్ వాచ్‌మన్ అని పిలిచేవారు. ప్రోగ్రామ్ ఒకటి రెండు సెకన్లలోపు ఫలానా మెమరీ చిరునామాను పలకరించకపోతే కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టేది. 1969 జులై 20న ఈగిల్ అనే నౌక చంద్రుడి మీదికి దిగుతుంటే మోగిన 1202, 1201 అలారాలకు కారణం మాత్రం అది కాదు. మాతృనౌకతో కలయిక కోసం పెట్టిన రాడార్ నుంచి అక్కర్లేని లెక్కలు వచ్చి పడి కంప్యూటర్ సమయాన్ని తినేశాయి. పనులు పేరుకుపోయి కొత్త పనికి జాగా లేకపోయింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ తనను తానే రీస్టార్ట్ చేసుకుంది, ఆ దిగుదలలోనే పదేపదే. ప్రతిసారీ క్షణంలో లేచి, ముఖ్యమైన పనులను అవి చివరగా గుర్తు పెట్టుకున్న చోటి నుంచి ఎత్తుకుంది. నౌకను నిలబెట్టడం, ఇంజిన్‌ను నడపడం సాగాయి. తక్కువ ముఖ్యమైనవి రాలిపోయాయి. ఈగిల్ దిగింది.

రీస్టార్ట్ అయితే ఏది రాలాలి, ఏది నిలవాలి అని ఆ ఇంజినీర్లు ఏళ్ల ముందే కూర్చుని నిర్ణయించారు. పని మధ్యలో ఎక్కడెక్కడ గుర్తు పెట్టుకోవాలో కూడా. మనం మాత్రం కష్టం వచ్చిపడ్డాక, అదీ బ్రౌనవుట్‌లో, నిర్ణయించుకుంటాం. అందుకే రాలవలసినవి ఉండిపోతాయి, ఉండవలసినవి రాలిపోతాయి. ఉద్యోగం పోయినవాడు ముందు స్నేహితులకు దూరమవుతాడు, కారు ఈఎంఐ మాత్రం కడుతూనే ఉంటాడు.

రీసెట్ మరీ బాగా పనిచేయడం వల్ల వచ్చే కీడు కూడా ఒకటుంది. తప్పు దాని కింద దాక్కుంటుంది. ఏటీమెగాలో ఒక చిన్న రిజిస్టర్ ఉంది. ఇప్పుడు లేచింది ఎందుకో అందులో నాలుగు బిట్లు చెబుతాయి: కరెంటు కొత్తగా వచ్చిందా, బయటి మీట నొక్కారా, ఓల్టేజి జారిందా, వాచ్‌డాగ్ లేపిందా. ప్రోగ్రామ్ మొదటి లైన్లలోనే దాన్ని చదివి దాచుకుంటే జరిగింది తెలుస్తుంది. చదవకుండా చెరిపేస్తే తెలిసే దారి లేదు. ఉగాదికో జనవరి ఒకటికో అన్నీ మరిచి కొత్తగా మొదలుపెడదామనుకోవడంలో నాకు కనిపించే లోటు ఇదే. కొత్త డైరీ, కొత్త బూట్లు, పొద్దున్నే నడక. పాత డైరీ ఏ పేజీలో ఎందుకు ఆగిందో చూసుకోరు.

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన మార్స్ పాత్‌ఫైండర్, కొన్ని రోజులకే ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలుపెట్టింది. ప్రతి రీసెట్‌తో ఆ రోజు మిగిలిన పని పోయేది. నౌకకు ప్రమాదం లేదు, లేచి నిలబడుతోంది. జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీర్లు దానితో సరిపెట్టుకోలేదు. అచ్చం అలాంటి వ్యవస్థనే భూమ్మీద నడిపించి, అదే రీసెట్ వచ్చేదాకా కాచుకుని కారణం పట్టారు. వాతావరణ కొలతలు తీసే చిన్న పని ఒకటి, అందరికీ కావలసిన ఒక తాళం పట్టుకుని ఉండేది. చాలా ముఖ్యమైన పెద్దపని ఒకటి ఆ తాళం కోసం ఆగేది. మధ్యస్థమైన పనులు, చిన్నపని కన్నా పై హోదావి కాబట్టి, దాన్ని పక్కకు నెట్టి తీరిగ్గా నడిచేవి. చిన్నది ముగియదు, తాళం విడవదు, పెద్దది కదలదు. గడువు దాటిందని గమనించిన కాపలా రీసెట్ చేసేది. మందు చిన్నదే. పెద్దపని ఎదురుచూస్తున్నంతసేపు, తాళం పట్టుకున్న చిన్నపనికి ఆ పెద్దపని హోదానే ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు అప్పటికే ఉంది, ఆ తాళానికి దాన్ని ఆన్ చేయలేదు అంతే. భూమి నుంచి ఆ మార్పు పంపారు, రీసెట్లు ఆగాయి.

ఇది తెలిశాక నేను ఆగిపోయిన పెద్ద పనులను వేరేగా చూస్తున్నాను. అన్నదమ్ముల మధ్య మాట్లాడుకోవలసిన పెద్ద మాట ఏళ్ల తరబడి ఆగి ఉంటుంది. దాని తాళం ఎక్కడో చాలా చిన్నదాని చేతిలో ఉంటుంది. ఎప్పుడో చూడటానికి వెళ్లకుండా ఉండిపోయిన ఆసుపత్రి గది కావచ్చు, సంతకం పెట్టకుండా పక్కన పడేసిన కాగితం కావచ్చు. మధ్యలో ఆఫీసు మెయిళ్లు, స్కూలు ఫీజులు, ఎవరివో పెళ్లిళ్లు ఆ చిన్నదాన్ని ఎప్పటికీ ముందుకు రానివ్వవు. చిన్నపనిని దాని పరిమాణాన్ని బట్టి కాకుండా, దాని వెనక ఆగి ఉన్నదాన్ని బట్టి ముందుకు తేవాలి.

హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల గురించి ఒక మాట. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ప్రేమకు లోటు లేదు. రోజూ పొద్దున్నే నాన్న నుంచి వాట్సాప్‌లో పూల బొమ్మతో శుభోదయం వస్తుంది, వాళ్లకు అక్కడ అప్పుడు రాత్రి. బొమ్మ వచ్చింది కాబట్టి నాన్న బాగున్నాడు. ఎవరో పంపినదాన్ని ఇంకొకరికి పంపడానికి పడుకున్న చోటి నుంచి లేవక్కర్లేదు. అది ఇంటరప్ట్‌లో పెట్టిన ఫీడ్. తలుపు గొళ్లేనికి వేలాడే సంచిలోంచి పాల ప్యాకెట్ తీసుకోవాలంటే మాత్రం మనిషి లేవాలి, నడవాలి, గడియ తీయాలి. అది మెయిన్ లూపు నుంచి వచ్చే సమాచారం. దాన్ని చూసేది ఏడు సముద్రాల అవతలి పిల్లలు కాదు, ఎదురు ఫ్లాటువాళ్లు. వాళ్లతో మాట అనుకోవాలి: ఏడున్నర దాటినా సంచిలో ప్యాకెట్ అలాగే ఉంటే బెల్లు కొట్టండి, పలకకపోతే మీ దగ్గర ఉంచిన తాళం చెవితో తీయండి.

బోర్డును డబ్బాలో బిగించేముందు మేం ప్రోగ్రామ్‌లో కావాలనే ఎటూ పోని ఒక లూపు రాసి, వాచ్‌డాగ్ నిజంగా లేపుతుందో లేదో చూస్తాం. ఇక్కడా ఒక రోజు ఎదురింటివాళ్లకు చెప్పి, ప్యాకెట్ తీయకుండా ఉంచి చూడాలి. తాళం చెవి ఆ తలుపుకు సరిగ్గా పడుతోందా, లోపలి గొళ్లెం వేసి ఉంటే ఏం చేయాలి, ఎదురింటివాళ్లు ఊరెళ్లిన రోజున చూసే రెండో ఇల్లు ఏది అన్నవి అప్పుడే తేలతాయి.